తీయక ముందు ఆ రాయిని పూర్తిగా చదవండి

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అచ్చంపేట దిక్కు మీ లంబాడా తండా. తండాకూ పెద్దూరికీ నడుమ, పాత ముసాఫిర్ బంగ్లా ప్రహరీ పక్కన, రోడ్డు మీదికి మొహం పెట్టి నల్లరాయి ఒకటి ఉంది. పైన ఉర్దూ, కింద ఇంగ్లీషు. ఇంగ్లీషులో మీ వాళ్లను ‘క్రిమినల్ ట్రైబ్స్’, అంటే నేర జాతులు అని చెక్కారు. బడికి పోయే పిల్లలు రోజూ దాన్ని చదువుకుంటూ పోతున్నారు. తీయమని అడిగితే ఒక ఆఫీసరు ‘పురాతన శాసనం, ముట్టుకుంటే కేసు’ అన్నాడు. యువజన సంఘం పిల్లలేమో సేవాలాల్ జయంతి లోపల రాత్రికి రాత్రి గడ్డపారతో లేపేద్దామంటున్నారు. పట్నం నుంచి వచ్చిన ఇంకొకాయన ‘నిజాం రాయి అని పెద్ద లొల్లి చేద్దాం, మిగతాది మేం చూసుకుంటాం’ అన్నాడు. ఏం చేయాలని అడిగావు.

ముందు జవాబు చెప్పి తర్వాత ముచ్చట్లోకి పోతాను. ఆ రాయి అక్కడ ఉండకూడదు. పిల్లల పుట్టుకే నేరమని చెప్పే మాట సర్కారు రాయి మీద, సర్కారు స్థలంలో నిలబడి ఉండటం అన్యాయం. అందులో నాకు రెండో మాట లేదు. కానీ దాన్ని పగలగొట్టొద్దు, ఎవరినీ పగలగొట్టనీయొద్దు. ఇంకో సంగతి కూడా గమనించాను. నువ్వు ఇంగ్లీషు వాక్యం రాశావు గానీ ఉర్దూలో ఏముందో రాయలేదు. రాయి భూమి లోపల ఎంత దిగి ఉందో రాయలేదు. అంటే మీరు ఆ రాయిని ఇంకా పూర్తిగా చదవలేదు. అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

నేను పాలమూరు జిల్లా బడుల్లో ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాను. సెలవుల్లో ఊళ్లు తిరిగి శాసనాలు, పాత కాగితాలు చూడటం నా పని. ఇలాంటి రాళ్ల విషయంలో రెండుసార్లు జనంతో కలిసి నడిచాను. ఒకటి చెడింది, ఒకటి కుదిరింది. చెడినదే ముందు చెబుతాను, ఎందుకంటే అందులో నా తప్పు కూడా ఉంది.

ఇరవై ఏళ్ల కిందటి మాట. కల్వకుర్తి దిక్కు ఒక ఎరుకల వాడ. అక్కడ ఇలాంటిదే ఒక రాయి, చావడి గోడకు ఆనించి ఉండేది. వాడలోని నలుగురు పిల్లలు నా దగ్గరికి వచ్చి ‘సార్, ఉర్దూ చదివించండి, తర్వాత తీసేస్తం’ అన్నారు. అప్పుడు నేను పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. వేసవి సెలవుల్లో వస్తానన్నాను. వాళ్లు ఆగలేదు. పెళ్లి ఊరేగింపులో ఎవడో ఆ రాయిని చూపించి ఒక మాట అన్నాడట. ఆ రాత్రే గడ్డపారలు లేచాయి.

ఆదివారం నేను పోయేసరికి రాయి అయిదు ముక్కలై ఉంది. పై ముక్క అప్పటికే మోరీ మీద బండగా పడింది. అడుగు ముక్క మట్టిలోనే ఉంది. అడుగున్నర లోతు తవ్వి తీశాం, కడిగాం. దాని మీద ఇంకో రెండు వరుసల ఉర్దూ ఉంది. రాయి నిలబెట్టిన తర్వాత రోడ్డు ఎత్తు పెరిగి ఆ వరుసలు మట్టిలో కూరుకుపోయాయి. అందుకే వాడలో బతికున్నవాళ్లెవరూ వాటిని చూడలేదు. పాత ఉర్దూ మీడియం మాస్టరు ఒకాయనను వెంట తీసుకుపోయాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని తడిబట్టతో అక్షరం అక్షరం తుడుస్తూ చదివాడు. ‘బరాయె కాష్త్’ అన్న మాట స్పష్టంగా ఉంది. సేద్యం కోసం అని. దానికి ముందు ‘ఎకర్’ అని ఉంది. ఆ ముందర సర్వే నంబరు ఉండాల్సిన చోట గడ్డపార దెబ్బ పడి బొప్పెడు పెచ్చు ఎగిరిపోయింది.

ఆ వాడవాళ్లు అప్పటికే ఏళ్ల తరబడి పట్టా కోసం తిరుగుతున్నారు. వాళ్లు దున్నుకుంటున్న నేల 1954-55 ఖాస్రా పహాణీలో, అంటే పాత భూమి రికార్డులో, సర్కారీ అని రాసి ఉంది. ఆ నేలను వాళ్ల తాతలకు సేద్యానికి ఇచ్చినట్టు రాతి మీద చెక్కిన సాక్ష్యం ఉండేది, దాన్ని వాళ్ల చేతులతోనే పగలగొట్టుకున్నారు. రాయి ఉంటే పట్టా వచ్చేదని నేను చెప్పను. ఆఫీసులో ఒక రాయి మాట ఎంతవరకు చెల్లుతుందో వేరే సంగతి. కానీ ఏ నంబరు కోసం పాత దఫ్తరాల్లో వెతకాలో తెలిసేది. ఆ పెచ్చు కోసం మేం మట్టి జల్లెడ పట్టాం, దొరకలేదు. నలుగురు పిల్లల మీద ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కేసు పడి మూడేళ్లు వాయిదాలకు తిరిగారు. పేపర్లు ఒకరోజు ఆలస్యంగా దిద్ది ఉంటే సరిపోయేది. ఆ మాట నా లోపల ఇంకా గుచ్చుతూనే ఉంది.

అందుకే మీవాళ్లతో మొదట గడ్డపార కింద పెట్టించు. కోపం తప్పని నేను అనడం లేదు. రాయి మీది ‘క్రిమినల్ ట్రైబ్స్’ అన్న మాట వెనక ఏముందో తెలిస్తే ఇంకా కోపం రావాలి.

మీ ముత్తాతలు దొంగలు కారు, బేరగాళ్లు. ఎడ్ల మందల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రం ఒడ్డు నుంచి దక్కను నడిబొడ్డు దాకా నడిచినవాళ్లు. దండు కదిలితే దానికి తిండి మోసింది కూడా వాళ్లే. ఈస్టిండియా కంపెనీ ఉప్పు మీద గుత్త పట్టింది, తర్వాత రైలు వచ్చింది, రోడ్లు పడ్డాయి. ఎడ్ల బేరం కూలిపోయింది. బతుకు తెరువు పోగొట్టినవాళ్లే, తిరుగుతూ బతికేవాడు అనుమానితుడని చట్టం రాశారు. బ్రిటిష్ వాళ్లు 1871లో నేర జాతుల చట్టం తెచ్చారు, 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రం దాకా సాగదీశారు. నిజాం సర్కారు తన రాజ్యంలో అదే దారి పట్టింది. ఇక్కడి కాగితాల్లో ఆ మాట ‘అఖ్వామె జరాయం పేషా’. నేరమే వృత్తిగా గల జాతులు అని. మీ రాయి మీద ఉర్దూ భాగంలో ‘జరాయం’ అన్న మాట కోసం చూడండి, ఉండే అవకాశం ఎక్కువ.

ఆ జాబితాలో పేరెక్కితే వేలిముద్ర ఇవ్వాలి. వేళకు హాజరు పలకాలి. పక్క ఊరికి చుట్టం చావుకు పోవాలన్నా చీటీ కావాలి. నేరం చేశావా లేదా అని అడిగేవాడు లేడు, ఏ ఇంట పుట్టావన్నదే లెక్క. ఆంధ్ర దిక్కు బాపట్ల దగ్గర స్టూవర్టుపురం తెలుసు కదా. సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి ఎరుకలవాళ్లను పెట్టిన సెటిల్‌మెంటు అది. హెరాల్డ్ స్టూవర్ట్ అనే మద్రాసు సర్కారు పెద్ద పేరు పెట్టారు. నూరేళ్లు దాటినా ఆ ఊరి పేరు చెబితే ఎదుటివాడి మొహం మారుతుందని అక్కడి పిల్లలు చెబుతారు. ఒక పేరు అంత పని చేస్తుంటే, రాతి మీద చెక్కిన మాట ఎంత చేస్తుందో నీకు నేను చెప్పాలా?

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. ఆ రోజునే విముక్త జాతుల దినంగా చేసుకుంటారు. తెలంగాణలో లంబాడాలకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది. ఇవన్నీ జరిగినా మీ రోడ్డు పక్కన రాయికి మాత్రం ఎవరూ కబురు చెప్పలేదు. మీ అర్జీలో ఇంకో మాట తప్పకుండా రాయండి. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ల మీద ఇచ్చిన తీర్పులో, విముక్త జాతులవాళ్లను పుట్టుకతో నేరస్థులన్నట్టు చూసే రాతలు రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. జైలు పుస్తకంలో ఉండకూడని మాట రోడ్డు పక్కన ఎలా ఉంటుందని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు ఏ ఆఫీసరూ తేలిగ్గా జవాబు చెప్పలేడు.

ఇప్పుడు ‘చరిత్రను చెరిపేస్తారా’ అనేవాళ్ల సంగతి. ఈ మాట మీరు చాలాసార్లు వింటారు, కాబట్టి సిద్ధంగా ఉండండి. అనేవాళ్లంతా చెడ్డవాళ్లు కారు. నేను కూడా రాయి పగిలితే కడుపు కాలేవాడినే. వాళ్లకు మన జిల్లా నుంచే జవాబు ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు కింద కృష్ణ ఒడ్డున గుళ్లు మునిగిపోతాయని తెలిసినప్పుడు ఏం చేశారు? రాతి రాతికీ నంబరు వేసి, విప్పి, బండ్ల మీద తెచ్చి మళ్లీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరుడు అలాగే అలంపురం చేరాడు. జటప్రోలు, సోమశిల గుళ్లు కూడా అలా కదిలినవే. వందల ఏళ్ల గుడి చోటు మారితే చరిత్ర చెరిగిపోలేదు. తొంభై ఏళ్ల రాయి ఒకటి రోడ్డు పక్క నుంచి మ్యూజియం గదికి పోతే ఎందుకు చెరిగిపోతుంది?

వలస పాలన నాటి గుర్తుల కోసం కొట్లాడటం మనకు కొత్త కూడా కాదు. మద్రాసు మౌంట్ రోడ్డు మీద నీల్ అనే సైన్యాధికారి విగ్రహం ఉండేది. 1857 తిరుగుబాటులో అలహాబాదు, కాన్పూరు దిక్కున జనాన్ని ఊచకోత కోసినవాడు. 1927లో ఆ విగ్రహం తీసేయాలని సత్యాగ్రహం మొదలైంది. విగ్రహం మీద దెబ్బ వేసినవాళ్లు జైలుకు పోయారు. గాంధీ ఆ ఉద్యమం న్యాయమైనదేనంటూనే అహింస గీత దాటవద్దన్నాడు. పదేళ్లు పట్టింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక దాన్ని తీసి మ్యూజియానికి పంపారు. ఇంగ్లండులో బ్రిస్టల్ ఊళ్లో బానిసల వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహం కింద రాత మార్చమని జనం ఎంతో అడిగారు. ఏ మాట రాయాలన్న దగ్గర పేచీ పడి ఆ పని ఆగిపోయింది. చివరికి 2020 జూన్ 7న జనమే తాళ్లు వేసి లాగి రేవు నీళ్లలో పడేశారు. తర్వాత బయటికి తీసి, పూసిన రంగులు అలాగే ఉంచి మ్యూజియంలో పడుకోబెట్టారు. ఈ కథ నువ్వు మీ పిల్లలకు కాదు, మీ ఆఫీసరుకు చెప్పాలి. అర్జీని ఏళ్లు నానబెడితే తాడు ఎవరి చేతికి పోతుందో ఆయనకు తెలియాలి.

అలాగని తెల్లదొర నాటి ప్రతి రాయీ తీయాల్సిందేనని నేను ఒప్పుకోను. పుణె దగ్గర కోరెగావ్ స్తంభం కంపెనీ వాళ్లు నిలబెట్టిందే, 1818 జనవరి 1న పీష్వా సైన్యం మీద గెలిచినందుకు. కానీ దాని మీద మహార్ సైనికుల పేర్లున్నాయి. అంబేడ్కర్ 1927 జనవరి 1న అక్కడికి పోయి నిలబడ్డాడు. ఇప్పుడు ఏటా లక్షలమంది పోతారు. ఎవరు నిలబెట్టారన్నది ఒక లెక్క, ఎవరి గురించి ఏం చెబుతోందన్నది ఇంకో లెక్క. నేను రెండోదే చూస్తాను. మా టౌను పేరు కూడా అంతే. 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయింది. జనం పాలమూరు అంటూనే ఉన్నారు, బస్సు బోర్డు మీద మహబూబ్‌నగర్ ఉంటుంది. ఆ పేరు ఏ బిడ్డనూ నేరస్థుడని పిలవదు. దాన్ని మార్చాలని ఎవరైనా వస్తే నేను సంతకం పెట్టను. మీ రాయి విషయంలో మొదటి సంతకం నాదే.

ఇక్కడే ఆ పట్నం మనిషి సంగతి. అతన్ని దూరం పెట్టండి. ఆ చట్టం పుట్టింది లండను నీడలో. హాజరు పలికించిన పటేలు, వెట్టి చేయించిన దొర మీ ఊరివాళ్లే, చాలా చోట్ల హిందువులే. మన నల్లగొండ చరిత్ర తీసి చూడు. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మీద మొదట కోర్టుకెక్కి నిలబడ్డ రైతు షేక్ బందగీ. 1940లో దొర మనుషులు ఆయనను నరికి చంపారు. తర్వాత ఆ దేశ్‌ముఖ్ గూండాల కాల్పుల్లోనే 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. నిజాం సర్కారును పత్రికలో ఎదిరించి రాసి 1948 ఆగస్టులో హత్యకు గురైనవాడు షోయబుల్లా ఖాన్. ఈ పేర్లు తెలిసినవాడు ఆ రాయిని మతం గొడవ చేయడు. ఒక్కసారి అలా మారిందా, మీ తండా పిల్లల బాధ పక్కకు పోతుంది, రెండు పార్టీల మైకులు మిగులుతాయి. ఉర్దూ చదివి పెట్టే మాస్టరు సాబ్ కూడా భయపడి మీ గడప తొక్కడు. ఆయన లేకుండా మీ పని నడవదు.

సరే, పని ఎలా నడపాలో చెబుతాను.

మొదట రాయి చుట్టూ మెల్లగా మట్టి తీసి అడుగు దాకా చూడండి, రాయి కదలకుండా. గడ్డపార వాడొద్దు, పిల్లలు మట్టి తీసే చిన్న తాపీ చాలు. వెనక పక్క కూడా చూడండి. తారీఖు ఫసలీలో, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరం లెక్కలో, ఉండొచ్చు. దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1342 ఫసలీ అంటే 1932 అక్టోబరు మొదలు 1933 అక్టోబరు దాకా. ఈ లెక్క ఎందుకంటే, మీ ఆఫీసరు చెప్పిన ‘పురాతన శాసనం’ అన్న మాట దీని మీదే నిలుస్తుంది, పడిపోతుంది. 1972 పురావస్తు చట్టం ప్రకారం శాసనం పురావస్తువు కావాలంటే కనీసం 100 ఏళ్లు నిండాలి. మీ రాయి నువ్వు అంచనా వేసినట్టు 1930ల నాటిదైతే ఇంకా నిండలేదు. కానీ ఎంతో దూరం కూడా లేదు. ఇప్పుడు కదలకపోతే రేపు ఆ మాట నిజమవుతుంది, అప్పుడు పని ఇంకా చిక్కవుతుంది.

రాయి గానీ బంగ్లా గానీ రక్షిత జాబితాలో ఉందో లేదో సమాచార హక్కు కింద అడగండి. కేంద్ర శాఖనూ, రాష్ట్ర వారసత్వ శాఖనూ విడివిడిగా అడగండి. ఉంటే గెజిట్ కాపీ ఇవ్వమనండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు వేయండి. రాయి నిలబడ్డ నేల ఎవరిదో కూడా అడగండి. రోడ్డు పక్క అంటున్నావు కాబట్టి బహుశా రోడ్లు భవనాల శాఖది అవుతుంది. అలా అయితే పంచాయతీ ఒక్కటే తీయించలేదు. జాబితాలో లేని రాయి అయినా సర్కారు స్థలంలో ఉంది గనుక పగలగొడితే 1984 ప్రభుత్వ ఆస్తి నష్టం చట్టం కింద అయిదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. మీ పిల్లలకు ఈ మాట మెత్తగా చెప్పు, బెదిరింపులా కాదు. నేర జాతి అన్న మాటను చెరపబోయి వాళ్లే పోలీసు రికార్డులోకి ఎక్కితే, ఆ రాయి గెలిచినట్టే కదా.

అట్రాసిటీ కేసు పెట్టమని కూడా కొందరు చెబుతారు. నేను వద్దంటాను. చెక్కినవాడు చచ్చిపోయి ఏళ్లయింది, నిందితుడు లేని కేసు నిలవదు. ఆ చట్టాన్ని బతికున్న అవమానాలకు దాచుకోండి.

తీర్మానం దగ్గర మీకొక చిక్కు వస్తుంది. 2018లో మీ తండా పంచాయతీ అయింది, మంచిదే. కానీ రాయి పెద్దూరి హద్దులో ఉంది. మీ గ్రామసభ తీర్మానం ఒక్కటే చాలదు, వాళ్లది కూడా కావాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నేరుగా కలెక్టరాఫీసుకు, సోమవారం ప్రజావాణికి పోతారు. పెద్దూరివాళ్లు అది పేపర్లో చూసి ‘మా ఊరి మీద ఫిర్యాదు చేసిన్రు’ అనుకుంటారు, ఇక మాట కలవదు. ముందు వాళ్ల దగ్గరికి పోండి. సంఘం పేరు, బ్యానరు లేకుండా ముగ్గురు నలుగురు పెద్దవాళ్లు, ఒక బడి పిల్ల. కూర్చుని ఆ రాయి చదివి వినిపించండి, అంతే. నేను చూసినంతలో పెద్దూరివాళ్లలో సగంమందికి దాని మీద ఏముందో తెలియదు. ఎన్నో ఏళ్లుగా దాని మీద గొర్రెల కాపరులు కత్తి నూరుకుంటారు.

కుదిరిన కథలో కూడా అలాగే జరిగింది. మన జిల్లాలోనే ఇంకో తండా. మొదలుపెట్టిన నాటి నుంచి రాయి కదిలేదాకా రెండేళ్ల నాలుగు నెలలు. అందులో ఎక్కువ కాలం ఆఫీసుల్లో పోయింది, అది చెప్పుకోవడానికేం లేదు. కానీ మేం ఊహించని అడ్డం తండాలో నుంచే వచ్చింది. ఎనభై దాటిన ఒక యాడి, అంటే మీ మాటలో అమ్మ. మేం సంతకాలు సేకరిస్తుంటే ఆమె వేలిముద్ర వేయనంది. పిల్లలు విసుక్కున్నారు. నేను ఆమె పక్కన మంచం పట్టె మీద కూర్చున్నాను. ఆమె చెప్పిన మాట నేను అప్పుడే చీటీ మీద రాసుకున్నాను.

‘మా బాపు పొద్దుమూకంగనే బువ్వ దినకుంట చావడికి ఉరుకుతుండె. అమీను సాబు పేరు బిలిస్తె హాజర్ అనాలె. ఒక్కనాడు జరమొచ్చి పోలె. మల్ల దినం వీపు మీద దెబ్బలతోని వచ్చిండు. నేను నూనె రాసిన. గా రాయి పీకేస్తె, మా బాపు ఆడ నిలవడ్డడని ఎవరు జెప్తరు సారూ?’

మాకు నోట మాట రాలేదు. మేం రాసిన అర్జీలో ‘అవమానకరమైన రాయిని తొలగించాలి’ అని మాత్రమే ఉంది. ఆమె ప్రశ్నకు అందులో జవాబు లేదు. ఆ రాత్రి అర్జీ చింపేసి మళ్లీ రాశాం. రాయిని భద్రంగా తీసి జిల్లా మ్యూజియానికి పంపాలి, పక్కన అది ఏమిటో తెలుగులో రాసి పెట్టాలి, రాయి ఉన్న చోట తండావాళ్ల మాటతో కొత్త పలక నిలపాలి. ఈ మూడూ కలిపి ఒకే తీర్మానం. పెద్దూరి గ్రామసభలో ఆ కాగితం చదివే ముందు యాడి తన ముచ్చట తానే చెప్పింది. ఆమె కూర్చున్నాక పెద్దూరి పాత పటేలు మనవడు లేచి ‘నా సంతకం ముందు పెట్టుండ్రి’ అన్నాడు. నేను అంతవరకు అతని గురించి వేరేగా అనుకుంటూ వచ్చాను.

కాబట్టి మీ తండాలో కూడా ముసలివాళ్లను ముందు అడగండి. వాళ్లు వద్దంటే ఎందుకు వద్దంటున్నారో వినండి. ఫోన్లో రికార్డు చేయండి, ఆ గొంతులు ఎక్కువ రోజులు ఉండవు.

తీసే రోజు సంగతి. మేం మూడుకాళ్ల చైన్ పుల్లీ కట్టించాం. ముందుగా రాయి అచ్చు తీశాం. తడి కాగితాన్ని రాయికి అదిమి, బ్రష్షుతో తట్టి, ఆరుతుండగా మసి అద్దితే అక్షరాలు తెల్లగా లేస్తాయి. మూడు అచ్చులు తీసి ఒకటి తండాకు, ఒకటి బడికి, ఒకటి మ్యూజియానికి ఇచ్చాం. ట్రాక్టరులో వరిగడ్డి పరిచి గోనె సంచులు చుట్టి పడుకోబెట్టాం. పంచనామా రాయించి ఇరువైపులా సంతకాలు తీసుకున్నాం. మీరు కూడా పంచనామా మరువొద్దు. రాయి ఏ స్థితిలో చేరిందో కాగితం లేకపోతే రేపు విరిగితే మీ మీదికే వస్తుంది. పాలమూరు దిక్కు పిల్లలమర్రిలో, నల్లగొండ దిక్కు పానగల్లులో మ్యూజియాలున్నాయి. ఎక్కడికన్నది శాఖ నిర్ణయం, కానీ మీ తీర్మానంలో ఒక పేరు రాస్తే ఫైలు త్వరగా కదులుతుంది.

మా రాయి మ్యూజియంలో దిగి ఏడాది గడిచినా పేరు పలక లేకుండా వరండాలో ఒక మూల పడి ఉంది. అడిగితే బడ్జెట్ లేదన్నారు. చివరికి బడిపిల్లలు రాసిన వాక్యాలనే అచ్చు వేయించి తీసుకుపోయి ఇచ్చాం, పెట్టారు. రాయి ఉన్న చోట నిలిపిన కొత్త పలక మీద మాటలు కూడా వాళ్లవే. నీకు పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను:

‘ఈ చోట మా తాతలను ప్రతి రాత్రీ పేరు పిలిచి హాజరు పలికించేవారు. తప్పు చేసినందుకు కాదు, ఆ ఇంట పుట్టినందుకు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. పాత రాయి మ్యూజియంలో ఉంది.’

యాడి ఆ పలక చూసింది. చేత్తో తడిమి ‘మా బాపు పేరేది?’ అంది. పేర్లు మాకు తట్టలేదు. దొరికినన్ని పేర్లు ముసలివాళ్లను అడిగి రాసి, మరుసటి ఏడాది సేవాలాల్ జయంతికి కింద ఇంకో పలక చేర్చాం. పదిహేడు పేర్లు దొరికాయి. అప్పటికి ఆమె లేదు. మీరు ఆ తప్పు చేయొద్దు, పేర్లు ఇప్పటి నుంచే రాసుకోండి.

నువ్వు పంపిన ఫొటో మిట్టమధ్యాహ్నం తీసింది, ఎండ ఎదురుగా పడి ఉర్దూ అంతా చదునైపోయింది. పొద్దు పొడిచేటప్పుడు గానీ పొద్దు వాలేటప్పుడు గానీ తీయి. లేదా రాత్రి టార్చి లైటు రాయి పక్క నుంచి, దాదాపు రాయిని ఆనించి పట్టుకుని తీయి, గుంటలో నీడ పడి అక్షరం లేస్తుంది. సుద్దముక్కతో అక్షరాలు దిద్దొద్దు, తప్పు గీత పడితే తప్పే చదువుతాం. పైనుంచి కిందికి నాలుగు ముక్కలుగా, మట్టి తీసిన అడుగు భాగం వేరేగా, వెనక పక్క ఒకటి. పక్కన ఒక జానెడు కర్ర పెడితే కొలత తెలుస్తుంది. అవి ఇక్కడే పెట్టు. మాస్టరు సాబ్‌కు చూపు తగ్గింది గానీ ఆయన మనవరాలు ఫోన్లో పెద్దది చేసి చూపిస్తుంది, ఆయన చదువుతాడు, నేను రాసి పెడతాను.